ఆదివారం బొమ్మ గురించి

అందరికీ నమస్తే. అక్కడ లేనిది బొమ్మలో వేస్తే తప్పు కాదా అని మొన్న ఇక్కడ అడిగారు కదా, నాకైతే అస్సలు తప్పనిపించదు. 18వ శతాబ్దంలో వెనిస్ చిత్రకారుడు కనలెట్టో, రియాల్టో వంతెన ఉన్నచోట పల్లాడియో అనే వాస్తుశిల్పి గీసినా ఎప్పుడూ కట్టని వంతెనను వేశాడు, విచెంజా ఊళ్లోని భవనాలు తెచ్చి కాలువ ఒడ్డున నిలబెట్టాడు, చూస్తే అదే అసలు వెనిస్ అనిపిస్తుంది. ఇలాంటి బొమ్మల్ని కప్రిచ్చో అంటారు. (అసలు రియాల్టో రాతి వంతెన పూర్తయిందీ, మన చార్మినార్ కట్టిందీ 1591లోనే!)

నేనిప్పుడు హైదరాబాద్‌లో నయాపూల్ వంతెన మీంచి మూసీని వేస్తున్నా. ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, హైకోర్టు ఉన్నవి ఉన్నట్టే, నీళ్లు మాత్రం మా నానమ్మ చెప్పినంత తేటగా, వంతెన మీద నేను చిన్నప్పుడు ఎక్కిన డబుల్ డెక్కర్ బస్సు. వెలుగు అంతటా ఒకే వైపు నుంచి పడాలి, లేకపోతే జ్ఞాపకం అతికించినట్టు కనబడుతుంది. ఆ బస్సు నీడ మూడుసార్లు కడిగి మళ్లీ వేశాను.

ఆదివారానికి మీ ఊరి వీధి ఒకటి వేయండి, ఇప్పుడక్కడ లేనిది ఒక్కటైనా ఉండాలి. పాత ఫొటోలు వెతకొద్దు. గుర్తురాని చోట ఖాళీగా వదిలేయండి, పర్లేదు.