మా 43 రాళ్ళ పుస్తకం ఏమైంది? మత్స్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మత్స్యశాఖ మంత్రిగారికి,

భీమిలి తీరంలో ఫైబర్ బోటు మీద వేట చేసుకుని బతికే ఒక మత్స్యకారుడు నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం.

అయ్యా, సముద్రం అడుగున ఉన్న రాళ్ళ గుర్తులు రాసుకున్న మా నాన్న పుస్తకం గురించి, దాన్ని తీసుకుని ఇస్తామన్న మ్యాపు గురించి ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగూ ఆఫీసుల్లో ఇచ్చాను. రసీదులన్నీ భద్రంగా దాచుకున్నాను. మూడోదానికి మాత్రం ఫోనుకి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడింది" అని. ఏం పరిష్కారమైందో కనుక్కుందామని రెండుసార్లు వెళ్ళాను. ఆ సీటులో ఆయన బదిలీ అయ్యారన్నారు ఒకసారి, మీటింగులో ఉన్నారన్నారు ఇంకోసారి. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాను. ఎక్కడైనా మాట కాస్త గట్టిగా పడితే మన్నించండి. రెండేళ్ళుగా తిరిగి తిరిగి విసిగిపోయాను.

సముద్రం అడుగునీ చేపల్నీ పరిశీలించే ప్రభుత్వ సర్వే ఓడల సంగతి తమరికి నేను చెప్పక్కర్లేదు. అవి ఎందుకున్నాయో, ఎంత ఖర్చవుతుందో మీకే బాగా తెలుసు. నేను అడిగేది అవి చూసిన సముద్రం అడుగు గురించి.

రెండేళ్ళ కిందట వేట నిషేధంలో మా ఊళ్ళ నుంచి ముప్పై మందిని ఒక సర్వే ఓడ చూపించడానికి తీసుకెళ్ళారు. ఆ ఓడ పేరు ఇక్కడ రాయను. దాని మీద పనిచేసేవాళ్ళ మీద నాకు కోపం లేదు, మమ్మల్ని బాగా చూసుకున్నారు. ఒక అమ్మాయి గొరక చేప తల కోసి లోపలి చెవిరాయి తీసి అరచేతిలో పెట్టి చూపించింది. చెట్టు మానులో ఉన్నట్టే అందులో వలయాలుంటాయట, వాటిని లెక్కపెట్టి చేప వయసు చెబుతారట. చిన్నప్పటి నుంచి ఆ రాయి మా పళ్ళ కింద పడుతూనే ఉంది, అది చేప పుట్టిన తేదీ చెబుతుందని మాత్రం తెలియదు. ఇంకొకాయన, అడుగు మట్టి తీసే ఇనుప డబ్బా చూపించారు. రెండు దోసిళ్ళు ఎదురెదురుగా మూసినట్టు ఉంటుంది. తాడు మీద దింపితే అడుగుని తాకగానే మూసుకుని గుప్పెడు మట్టి పట్టుకొస్తుంది. దాన్ని జల్లెడ పట్టి పురుగులూ నత్తలూ ఏరి, అక్కడ ఏ చేపకి తిండి ఉందో చూస్తారట.

మా నాన్న అది చూసి నవ్వాడు. ఆయన సీసపు గుండు అడుగున సబ్బు పూసి నీళ్ళలోకి వదిలేవాడు. పైకి లాగితే సబ్బుకి అంటుకుని వచ్చేది ఏముందో చూసేవాడు: నల్ల బురదా, ముతక ఇసుకా, గవ్వ ముక్కలా అని. వేలితో నలిపి, వాసన చూసి, ఎక్కడున్నామో, వల వేయొచ్చో లేదో చెప్పేవాడు. సబ్బు మీద ఏమీ అంటకుండా గాటు పడి వస్తే కింద రాయి ఉన్నట్టు. అప్పుడు కొండల గుర్తులు పట్టుకునేవాడు. పావురాళ్ళకొండ ఎటుంది, డాల్ఫిన్ నోస్ ఎంత తేలింది అని చూసి, ఇంటికొచ్చాక నోటుబుక్కులో రాసుకునేవాడు.

ఆ పుస్తకం గురించే ఈ ఉత్తరం.

అందులో 43 రాళ్ళున్నాయి. ఒక్కొక్కటీ ఎన్ని బారల లోతులో ఉందో, ఏ కొండ ఏ కొండకి అడ్డం వస్తే అక్కడున్నట్టో, ఏ నెలలో ఏ చేప అక్కడ చేరుతుందో అన్నీ ఉన్నాయి. సగం మా నాన్న రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలతో రాసినవి, మిగతా సగం నేను జీపీఎస్ పాయింట్లు చేర్చి రాసినవి. ఒక రాయికి మా తాత పేరే ఉంది. ఇలాంటివి మాలో అన్నదమ్ములకి కూడా అంత తేలిగ్గా చెప్పుకోరు. ఒకరి పాయింటు ఇంకొకరికి తెలిస్తే మాటలు ఆగిపోయిన ఇళ్ళున్నాయి మా ఊళ్ళో.

ఆరోజు ఓడ మీదే ఒక అధికారి మాతో అన్నారు: "మీకు తెలిసిన రాళ్ళ పాయింట్లు మాకివ్వండి. మా సర్వేతో సరిచూసి ఆరు నెలల్లో తెలుగులో మ్యాపు వేయించి బోటుకొకటి ఇస్తాం. బురద ఎక్కడ, ఇసుక ఎక్కడ, రాయి ఎక్కడ, అన్నీ అందులో ఉంటాయి." చప్పట్లు కొట్టాం. వారం తిరక్కుండా మా నాన్న తన చేత్తో ఆ పుస్తకం ఇచ్చాడు. జిరాక్సు ఇద్దాం నాన్నా అన్నాను. పెద్ద మనిషి అడిగాడు, అసలుదే ఇద్దాం, నమ్మకం ఉండాలి అన్నాడు. నయం, ముందురోజు రాత్రే నేను ఒక కాపీ తీసి దాచాను.

ఆరు నెలలు పోయాయి. ఏడాది పోయింది. రెండో నిషేధం కూడా వచ్చి పోయింది. మ్యాపు లేదు, పుస్తకం లేదు.

పోయిన జనవరిలో మా బోటు రాత్రి వేటకి వెళ్ళింది. ఒడ్డుకి పదిహేను కిలోమీటర్ల దూరం, 28 బారల లోతు. అడుగు వల వేశాం. కొత్త వల, లక్షా అరవై వేలు, అందులో లక్ష దళారి దగ్గర అప్పు. తెల్లవారుజామున లాగుతుంటే సగం వచ్చి ఆగిపోయింది. నలుగురం లాగాం, రాలేదు. బోటు తిప్పి అటువైపు నుంచి లాగాం, రాలేదు. పోటు మొదలైంది, బోటు ముక్కు నీళ్ళలోకి దిగిపోతోంది. మా తమ్ముడి అరచేతుల్లో తాడు జారి తోలు లేచిపోయింది. కత్తి నేనే తీశాను. తాడు తెగిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పైకొచ్చిన ముక్కకి ఒక వస్తువు చిక్కుకుని ఉంది. విసనకర్రలా విచ్చుకుని, ఎర్రగా, సన్నని కొమ్మలతో. చెట్టు కాదు, ప్రాణమున్నదే, వేళ్ళ దగ్గర చిన్న రాతి పెచ్చు అంటుకుని ఉంది. ఎన్నేళ్ళు పెరిగితే అంతయిందో! మా వల దాన్ని పెకలించుకుని వచ్చింది. ఎండిపోయి మా కిటికీలో ఉంది ఇప్పుడు. నా వల పోయిందన్న బాధ నాకుంది. నైలాన్ వల కుళ్ళదు కదండీ, అది అక్కడే రాయికి చుట్టుకుని రాత్రీ పగలూ చేపల్ని పట్టి చంపుతూనే ఉంటుంది. ఎవరికీ అక్కరకి రాని చావు అది. ఆ బాధ ఇంకా పెద్దది.

ఆ రాయి మా 43లో లేదు. కానీ మంత్రిగారూ, ఓడ చూడ్డానికి వెళ్ళిన రోజు శబ్దంతో లోతు కొలిచే ఎకో సౌండర్ తెర మీద పాత సర్వే గీతలు చూపిస్తూ, "ఇదిగో, భీమిలికి ఎదురుగా ఇక్కడ అడుగు లేచింది చూడండి, ఇది గట్టి రాయి" అని మాకు ఒకచోట వేలు పెట్టి చూపించారు. ముప్పై బారలకి అటూ ఇటూ అన్నారు. అప్పుడు రాసుకోవడానికి నా చేతిలో కాగితం లేదు. ఆ రాయే ఈ రాయి అని ప్రమాణం చేసి చెప్పలేను. అయితే గనక, నా వల చిరగక ముందే ఆ రాయి ఉందని ప్రభుత్వానికి తెలుసు. తెలిసీ మాకు చెప్పలేదు. ఈ ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నేవీ వాళ్ళ చార్టులు ఉంటాయి కదా, కొనుక్కోవచ్చు కదా అన్నారొకరు. డెహ్రాడూన్ నుంచి వచ్చే ఆ చార్టులు పెద్ద ఓడల కోసం వేసినవి, ఇంగ్లీషులో ఉంటాయి. మా వల పట్టే చిన్న రాయి వాటిలో కనిపించదు. ఇంకొకరు, విశాఖ పక్కన కాబట్టి భద్రత కారణాలుంటాయి అన్నారు. ఉండొచ్చు. 1971లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ నీళ్ళలోనే ఉంది, దాని తాలూకు సామాన్లు ముందు మావాళ్ళకే దొరికాయని మా పెద్దలు చెబుతారు. దేశం సంగతి మాకూ తెలుసు. చెప్పకూడనిది తీసేసి మిగిలింది ఇవ్వండి. అసలు ఇవ్వలేమంటే ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి. ఏదీ చెప్పకపోవడమే భరించలేకపోతున్నాం.

లెక్కలు నేనూ చదువుతాను. మన దేశ సముద్రాల్లో ఏడాదికి 53.1 లక్షల టన్నుల చేప పట్టొచ్చని 2018లో నిపుణుల కమిటీ చెప్పింది. 2022లో పరిశీలించిన 135 చేప నిల్వల్లో 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ చెప్పింది. సంతోషం. కానీ సర్వే ఓడ అడుగున ఈడ్చే ట్రాల్ వల ఎంత వెడల్పున, ఎంత దూరం లాగిందో చూసి, అందులో పడిన చేపని బట్టి లెక్క కడతారని ఆ ఓడలోనే చెప్పారు. ట్రాల్ వల రాళ్ళ మీదికి పోదు, పోతే చిరుగుతుంది. మరి రాళ్ళ మధ్య బతికే చేప ఆ లెక్కలోకి ఎలా వస్తుంది? అడిగితే మంచి ప్రశ్న అన్నారు. అంతే. జవాబు మా నాన్న పుస్తకంలో కొంతైనా ఉంది, దాన్ని తీసుకుని ఎక్కడో బీరువాలో పడేశారు.

హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో చూసి చేప ఎటు చేరుతుందో తెలుగులోనే చెబుతోంది. అది పైనీటి సమాచారం, మాకు చాలాసార్లు పనికొచ్చింది. ఆకాశం నుంచి చూసింది చెప్పగలిగినవాళ్ళు, ఓడ కింద చూసింది ఎందుకు చెప్పలేరు?

వేట నిషేధానికి ఇచ్చే 20 వేలు అందాయి, కాదనను, కృతజ్ఞతలు. అప్పు మాత్రం అలాగే ఉంది. పట్టిన చేపంతా దళారి చెప్పిన రేటుకే పోతోంది. మా ఆవిడ గొలుసు బ్యాంకులో ఉంది. ఊళ్ళో కొందరు, పాయింట్లన్నీ గవర్నమెంటు చేతిలో పెట్టి ఏం బావుకున్నావని మా నాన్నని మొహం మీదే అడుగుతున్నారు. ఆయనకిప్పుడు చూపు బాగా తగ్గింది. పొద్దున్నే టీ తాగుతూ, పుస్తకం వచ్చిందా అని అడుగుతాడు. రోజూ ఏదో ఒకటి చెబుతున్నాను.

మంత్రిగారూ, మ్యాపు ఇప్పించండి. తెలుగులో, బారల్లో, ఫోనులో చూసుకునేలా. ఈసారి సర్వేకి వెళ్ళినప్పుడు మా ఊళ్ళలో బోటు నడిపే సరంగుల్ని ఒకరిద్దరిని ఓడ మీద ఎక్కించుకోండి, కూలీ కూడా అడగం. తెగిన వలలు ఏ రాళ్ళ మీదున్నాయో మేం చూపిస్తాం, వాటిని తీయించండి. మ్యాపు ఆలస్యమవుతుందంటే ముందు పుస్తకమైనా వెనక్కి ఇప్పించండి. మా నాన్నకి ఒకసారి చేతికివ్వాలి.

ఏప్రిల్ 15న బోట్లు ఒడ్డుకెక్కుతాయి. జూన్ 14 వరకు, 61 రోజులూ మేం ఇళ్ళ దగ్గరే ఉంటాం. ఎవరినైనా పంపండి. నా దగ్గరున్న కాపీని మళ్ళీ జిరాక్సు తీయించి పెట్టాను. కొత్త రాయి కలిపి, 44.

ఇట్లు,
భీమిలి తీరం నుంచి ఒక మత్స్యకారుడు