క్వెట్జాల్‌కు కొండమీది అడవి ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో గ్వాటెమాలా జాతీయ పక్షి క్వెట్జాల్ మీద వచ్చిన వ్యాసం చదివాం. ఫొటోలు చాలా బాగున్నాయి. కాని అభయారణ్యం ప్రకటిస్తే దాని కష్టాలు తీరిపోయినట్టు రాయడం సరికాదు.

ఈ పక్షి ముఖ్య ఆహారం అడవి అవకాడో. అది అంగట్లో దొరికే రకం కాదు. ఉసిరికాయంత కాయ, అందులో చాలా భాగం గింజే, చుట్టూ నూనె నిండిన పలచటి గుజ్జు. క్వెట్జాల్ ఎగురుతూనే కాయ తెంపుకొని, కొమ్మ మీద వాలి అలాగే మింగుతుంది. గుజ్జు అరిగాక గింజను కక్కేస్తుంది. చిక్కల్లా ఈ చెట్లు అన్ని ఎత్తుల్లోనూ ఒకే కాలంలో కాయకపోవడమే. అందుకే పిల్లలు గూడు వదిలాక పక్షులు కాయలున్న చోటికి కొండ దిగుతాయి. కోస్టారికాలోని మాంటెవెర్డేలో పావెల్, బ్యోర్క్ అనే పరిశోధకులు రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి ఈ ప్రయాణాన్ని గమనించి, ఫలితాలను 1995లో ప్రచురించారు. ముందు పసిఫిక్ వాలుకు, తరువాత శిఖరం దాటి కరీబియన్ వాలుకు, రక్షణ లేని అడవి ముక్కల్లోకి కూడా అవి వెళ్తున్నాయి. పశువుల మేతకోసం ఆ ముక్కలను నరికేస్తే, పైన అడవి ఎంత పచ్చగా ఉన్నా ఏడాదిలో కొన్ని నెలలు వాటికి తిండి కరవే.

గూటి సంగతి వ్యాసంలో అసలు లేదు. క్వెట్జాల్ ముక్కు వడ్రంగిపిట్ట ముక్కులా గట్టిది కాదు. కుళ్లి మెత్తబడిన మాన్లనే తొలుచుకోగలదు, లేదా పాత తొర్రలను పెద్దవి చేసుకుంటుంది. లేత నీలం గుడ్లు సాధారణంగా రెండు. ఆడా మగా వంతులవారీగా 18 రోజులపాటు పొదుగుతాయి. మాను మరీ పుచ్చితే వానలకు గూటితో సహా కూలుతుంది. పనికిరాని మోడని వంటచెరకుకు కొట్టేస్తే మళ్లీ గూటికి చోటు దొరకదు. గూటిపెట్టెలు కడితే కొంత మేలు, కాని అవి కాయలివ్వవు కదా!

ఇంకో చిన్న సవరణ. మగపక్షికి మీటరు దాకా వేలాడేవి తోక ఈకలు కావు, తోకను పైనుంచి కప్పే ఈకలు.

పచ్చిక బయళ్లలో మిగిలిన అవకాడో చెట్లను కొట్టకుండా ఉంచడం, వాగుల వెంట అడవిని తెగకుండా కలపడం కొత్త పార్కు కన్నా చవకైన పని. మళ్లీ ఈ పక్షి మీద రాసేటప్పుడు రెండు వాలులూ కనిపించే పటం కూడా వేయండి.

– పక్షి పరిశీలకులు