గోడ తీసేముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ప్లాను చూశాను. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేస్తే అంతా ఒకటే గది అవుతుందన్నావు, అందులోనే గోడకి మడిచే మంచం, పక్కకి జరిగే అద్దం తలుపు పెడతానన్నావు. అవుతుంది. కానీ ఆ గోడ ఇప్పుడు ఏమేం పనులు చేస్తోందో ముందు ఒక కాగితం మీద రాసుకో. ఆ పనులన్నిటికీ వేరే దారి చూశాకే సుత్తి పట్టించు.

మొదటిది బరువు. పిల్లర్లు, బీములు ఉన్న భవనంలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ సాధారణంగా అడ్డుగోడే. గోడలన్నీ కాంక్రీటుతో పోసిన భవనమైతే మాత్రం సన్నగా కనిపించేది కూడా పై స్లాబును మోస్తూ ఉంటుంది. తట్టి చూసి 'ఏం కాదులెండి' అనే మేస్త్రి మాట నమ్మకు. స్ట్రక్చరల్ డ్రాయింగు (పిల్లర్లు, బీములు ఎక్కడున్నాయో చూపే ప్లాను) సంపాదించి ఇంజనీరుకి చూపించి, సంతకంతో కాగితం తీసుకో. అసోసియేషన్ వాళ్లు అడిగేదీ అదే.

కూల్చేటప్పుడు పైనుంచి వరస వరసగా తీయాలి. కింద కొడితే గోడంతా ఒక్కసారే మీద పడుతుంది. మూడు మీటర్ల పొడవు, 2.7 మీటర్ల ఎత్తు గోడ ప్లాస్టరింగుతో కలిపి రెండు టన్నుల పైనే తూగుతుంది. ఇళ్ల స్లాబుల్ని మామూలుగా చదరపు మీటరుకి 200 కిలోల వాడకపు బరువుకే, అంటే మనుషులూ సామానూ కలిపి, లెక్కకడతారు. అర మీటరు ఎత్తు ఇటుక ముక్కల కుప్పే ఆ లెక్క దాటిపోతుంది. 25 కిలోల చొప్పున ఎనభైకి పైగా బస్తాలవుతాయి. ఏ రోజువి ఆ రోజే దింపించెయ్.

గోడ పోయిన చోట నేలలో గాడి మిగులుతుంది. అటూ ఇటూ టైల్సు ఒకే మట్టంలో ఉండవు, సెంటీమీటరు తేడా మామూలే. అదే టైలు దొరికినా బ్యాచ్ మారితే రంగు కలవదు. దాన్ని దాచబోతే అతుకులా కనిపిస్తుంది. కావాలనే వేరే రంగు పట్టీ వేయించు, వంటింటి హద్దులా బాగుంటుంది.

సింకు జోలికి వెళ్లకు. మురుగు పైపుకి 40కి 1 వాలు, అంటే 40 సెంటీమీటర్లకి ఒక సెంటీమీటరు, ఇవ్వాలంటే మూడు మీటర్లు జరిపేసరికి ఏడున్నర సెంటీమీటర్లు దిగాలి, పైపు మందం అదనం. నేలలో అంత లోతు దొరకదు. వాలు తగ్గిస్తే జిడ్డు పేరుకుంటుంది.

వాసనని ఆపింది కూడా ఆ గోడే. చిమ్నీ పొగని బయటికి వదిలే రకమే కొను. బొగ్గు ఫిల్టరుతో గదిలోకే తిప్పే రకం వాసన కొంత పడుతుంది కానీ ఆవిరిని ఆపదు, ఆ తేమంతా పరుపులోకి చేరుతుంది. దాని గొట్టం 15 సెంటీమీటర్ల వ్యాసంతో, వంపులు రెండుకి మించకుండా ఉండాలి.

ఇక గోడకి మడిచే మంచం. అందరూ మడిచినప్పటి మందమే, అంటే 40-45 సెంటీమీటర్లే, చూస్తారు. దింపాక గోడ నుంచి రెండు మీటర్ల పైన ముందుకొస్తుంది, అవతల నడవడానికి ఇంకో 60 సెంటీమీటర్లు వదలాలి. నేల మీద టేపు అంటించి, టేబులు తెరిచినంత మేరా, అల్మారా తలుపు తిరిగినంత మేరా గీసి చూడు. రోజూ రాత్రి సోఫా జరపాల్సొస్తే ఆ మంచాన్ని నెలకే మడవడం మానేస్తావు. మంచాన్ని ఎత్తడానికీ మెల్లగా దింపడానికీ సాయపడే గ్యాస్ స్ప్రింగులు పరుపు బరువుకి సరిపోవాలి: బలం ఎక్కువైతే మంచం కింద నిలవదు, తక్కువైతే దభీమని పడుతుంది. పరుపు ముందే ఎంచుకోమనేది అందుకే. బోల్టులు గట్టి ఇటుకలోకో కాంక్రీటులోకో దిగాలి. జిప్సం బోర్డు పట్టదు.

అద్దం తలుపుదీ ఇదే సంగతి. పది మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకి 25 కిలోలుంటుంది. పట్టాలు స్లాబుకే బిగించాలి, ఫాల్స్ సీలింగుకి కాదు.

స్విచ్చులు పోయిన గోడతోపాటే పోతాయి. వంట గట్టుకీ, కూర్చునే చోటికీ, మంచానికీ లైట్లు వేరువేరు స్విచ్చుల మీద ఉండాలి, లేకపోతే ఒకరు చదువుతుంటే ఇంకొకరికి నిద్ర పట్టదు. వైర్ల కోసం గోడలో గాడి నిలువుగానే కొట్టించు, లోతు గోడ మందంలో మూడోవంతుకి మించనివ్వకు, అడ్డంగా అసలే వద్దు. ప్లాస్టరింగుని కనీసం ఏడు రోజులు తడిపి, పూర్తిగా ఆరాకే పుట్టీ. తొందరపడితే రంగు పొక్కులు లేస్తుంది.

ప్లాస్టరింగుకి ముందు, వైర్లూ పైపులూ కనబడుతున్నప్పుడే, ప్రతి గోడకీ టేపు ఆనించి కొలతలు కనిపించేలా ఫొటోలు తీసి పంపు. మంచం బోల్టులకి డ్రిల్లు ఎక్కడ పెట్టకూడదో వాటిలో చూసి చెబుతాను.

నాన్న