ఫెర్రెట్ మూలన పడుంటే నిద్రే అనుకోకండి

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్లో పాడి పశువుల గురించి, కుక్కల టీకాల గురించి వచ్చేవి నేను తప్పకుండా చదువుతాను. ఈసారి ముంగిసలా కనిపించే ఫెర్రెట్ అనే చిన్న పెంపుడు జంతువు గురించి కూడా కొంచెం చోటివ్వండి. తిరుపతిలో ఫెర్రెట్లు ఎక్కడున్నాయమ్మా అంటారేమో. మా ఇంట్లో ఒకటుంది, రెండు వీధుల అవతల ఇంకో ఇంట్లో రెండున్నాయి. పిల్లలు వీడియోల్లో చూసి అడుగుతున్నారు, పెద్దవాళ్లు చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పిస్తున్నారు. తెచ్చాక దానికి ఒంట్లో బాగాలేకపోతే ఎలా కనిపెట్టాలో చెప్పేవాళ్లు మాత్రం లేరు.

మా బంటిని చూసినవాళ్లు ముంగిసా అని అడుగుతారు, లేకపోతే పునుగు పిల్లా అంటారు. శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామివారికి పునుగు తైలం పూస్తారు కాబట్టి మన ఊళ్లో ఆ పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇది ఆ రెండూ కాదు. ముంగిసను ఇంట్లో పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఫెర్రెట్‌ని యూరప్‌లో కుందేళ్ల వేట కోసం దాదాపు 2 వేల ఏళ్లుగా పెంచుతున్నారు. కిలో అటూ ఇటూ బరువుంటుంది, బాగా చూసుకుంటే ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది.

కిందటి ఏడాది చంద్రగిరిలో మా ఆడబిడ్డ కూతురి పెళ్లికి సాయంత్రం వెళ్లి తెల్లవారి ఇంటికొచ్చాం. గిన్నెలో పెట్టిన తిండి ఎప్పుడు అయిపోయిందో ఏమో. తలుపు తీయగానే కాళ్లకు అడ్డం పడేవాడు రాలేదు. వెతికితే నీళ్ల గిన్నె పక్కన ఉన్నాడు. నోటి నుంచి చొంగ కారుతోంది, ముందుకాళ్లతో మూతి గీరుకుంటున్నాడు, లేవబోతే వెనక కాళ్లు ఈడ్చుకుపోతున్నాయి. పేరు పెట్టి పిలిస్తే మా వైపు తిరగడు, గోడకేసి చూస్తున్నాడు, ఆ చూపులో ఏమీ లేదు. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని మా ఆయన నోట్లో వేలు పెట్టబోయారు. దిష్టి తగిలిందని మా అత్తమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చింది. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కు పరిగెత్తితే గ్యాస్ అని సూది వేసి పంపించేశారు. పదకొండు గంటలకు వాడికి ఫిట్స్ వచ్చాయి.

రెండోసారి వెళ్లిన చోట డాక్టరు గారు, "అమ్మా, పుస్తకంలో చదివానేగానీ చేతుల్లోకి తీసుకోవడం ఇదే మొదలు" అని దాచకుండా చెప్పి, బెంగళూరులో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి, ఒక చుక్క రక్తం తీసి షుగర్ చూశారు. 48 ఉంది. ఏ జబ్బూ లేని ఫెర్రెట్‌కు 90 నుంచి 125 దాకా ఉండాలట. మనుషులకు వాడే మిషన్ ఫెర్రెట్ రక్తానికి కొంచెం తక్కువ చూపిస్తుందని ల్యాబ్‌కు కూడా పంపారు, అక్కడా తక్కువే వచ్చింది. మా అత్తమ్మకు షుగర్ ఉంది, ఇన్సులిన్ సూది వేసుకుంటుంది. ఆమె వెంటనే, "సూది వేసుకుని టిఫిన్ తినకపోతే నాకొచ్చేదే కదా ఇది, చెమటలు పట్టి కళ్లు తిరిగి" అంది. సరిగ్గా అదే. దీన్ని ఇన్సులినోమా అంటారు. క్లోమంలో చిన్న చిన్న గడ్డలు పుట్టి, అవసరం లేకపోయినా ఇన్సులిన్‌ను వదులుతూనే ఉంటాయి, దాంతో రక్తంలో షుగర్ పడిపోతుంది. మూడేళ్లు దాటిన ఫెర్రెట్లలో తరచూ వచ్చే జబ్బుల్లో ఇదొకటి.

ఆ రోజు చెయ్యాల్సింది ఏమిటో మాకు తెలిసుంటే పొద్దున్నే చేసేవాళ్లం. ఇంట్లో తేనె సీసా ఉంది. ఒక చుక్క తేనె గానీ పంచదార పాకం గానీ దూదిపుల్లతో చిగుళ్లకు రాయాలి. వేలితో రాయకూడదు, ఆ స్థితిలో వాడికి తెలియకుండానే కరుస్తాడు. స్పృహ లేనప్పుడు నోట్లో ఏదీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొంచెం తేరుకోగానే మెత్తగా ఉడికించిన చికెన్ పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. తేనెతో లేచాడు కదా అని అక్కడితో ఆపేస్తే, ఆ తీపికి ఇంకా ఇన్సులిన్ ఊరి షుగర్ మళ్లీ పడిపోతుంది. అందుకే తేనె వెనకాలే మాంసం. ఇప్పుడు బంటి రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు మీద ఉన్నాడు, మూడు నాలుగు గంటలకోసారి తింటాడు, రాత్రి కూడా అలారం పెట్టుకుని మా ఆయనో నేనో లేస్తాం. ఆపరేషన్ దారి కూడా ఉందన్నారు, ఇంకా ఆలోచిస్తున్నాం.

నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది అమ్మినవాళ్ల మాట. పాలు, బిస్కెట్, అరటిపండు పెట్టండి చాలు అన్నారు. ఇది పూర్తిగా మాంసాహారి. పేగు చాలా పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది, కాబట్టి పూట పూటకూ పెడితే సరిపోదు. తీపి, పిండి దీనికి పడవు. మాకు రెండేళ్ల దాకా ఆ సంగతి తెలియనే లేదు.

ఫెర్రెట్ తన బాధను దాచుకుంటుంది. పైగా రోజులో 14 నుంచి 18 గంటలు పడుకుంటుంది, ఒక్కోసారి చచ్చిపోయిందా అన్నంత గాఢంగా, ఎత్తినా మెడ వేలాడేస్తుంది. కొత్తవాళ్లకు అక్కడే టెన్షన్. మామూలు నిద్రయితే ఒళ్లు వెచ్చగా ఉంటుంది, చిగుళ్లు గులాబీ రంగులో ఉంటాయి, కాసేపు నిమిరితే లేచి ఒళ్లు విరుచుకుని తిండికి వెళ్తుంది. లేచాక కూడా తూలుతుంటే, చొంగ కారుతుంటే, చూపు నిలవకపోతే అది నిద్ర కాదు. నేనిప్పుడు ప్రతి ఆదివారం కూరగాయలు తూచే చిన్న కాటా మీద వాడి బరువు చూసి క్యాలెండర్లో రాస్తున్నాను. చలికాలంలో పెరిగి వేసవిలో కొంచెం తగ్గడం మామూలే. వారం వారం దిగుతూ పోతే మాత్రం లోపల ఏదో ఉన్నట్టే.

మన ఊరి ఎండ సంగతి వేరే చెప్పాలి. ఫెర్రెట్‌కు చెమట పట్టి ఒళ్లు చల్లబడదు. 30 డిగ్రీలు దాటితేనే దానికి ప్రమాదం, మనకు ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది, ఆపైన కరెంటు పోతే చెప్పక్కర్లేదు. నోరు తెరిచి రొప్పుతూ నేలకు అతుక్కుపోయినట్టు పడుకుని, చిగుళ్లు ఎర్రబడితే వడదెబ్బే. మామూలు నీళ్లతో ఒళ్లు, పాదాలు తడపాలి, ఫ్యాన్ కింద పెట్టాలి, అలాగే ఆటో ఎక్కాలి. ఐసు నీళ్లలో ముంచకండి, చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే ఉండిపోతుంది. మేం ఒక బాటిల్‌లో నీళ్లు గడ్డకట్టించి, తువ్వాలు చుట్టి వాడి పక్కన పెడతాం. వాడే వెళ్లి ఆనుకుని పడుకుంటాడు.

ఒళ్లు వేడిగా ఉందని పిల్లల పారాసిటమాల్ చుక్కలు వేసేవాళ్లున్నారు. దయచేసి వెయ్యకండి. అదీ, ఐబుప్రొఫెన్ కూడా ఫెర్రెట్‌కు విషం. దీని ఒంటి వేడి మామూలుగానే 100 నుంచి 104 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది.

రబ్బరంటే వీటికి పిచ్చి. చెప్పులు, పిల్లల రబ్బర్లు, ఇయర్‌ఫోన్ బుడిపెలు, రిమోట్ బటన్లు కొరికి మింగేస్తాయి. తిండి మానేసి పళ్లు కొరుకుతుంటే, వాంతి చేసుకుంటుంటే, మలం రాకపోతే లేదా దారంలా సన్నగా వస్తుంటే పేగులో ఏదో అడ్డం పడినట్టు. రేపు చూద్దాం అనుకోవద్దు. మలం తారులా నల్లగా వస్తే పొట్టలో పుండు ఉండొచ్చు. తోక దగ్గర మొదలై రెండు వైపులా ఒకేలా వెంట్రుకలు రాలుతుంటే వేసవి కదా అని సరిపెట్టుకోకండి, కిడ్నీల పక్కనుండే అడ్రినల్ గ్రంథిలో తేడా వచ్చుంటుంది. మగవాటికి దానివల్ల ప్రొస్టేట్ ఉబ్బి మూత్రం బందయిపోతుంది, మూత్రం కోసం ముక్కుతూ చుక్క రాకపోతే అర్ధరాత్రయినా తీసుకెళ్లాల్సిందే. ఆడది ఎదకొచ్చి జత కలవకపోతే ఎద దానంతట అది ఆగదు. నెలల తరబడి సాగితే ఎముక మజ్జ దెబ్బతిని రక్తం పుట్టడం ఆగిపోతుంది, ప్రాణం పోతుంది. ఆడ ఫెర్రెట్‌ను తెచ్చుకునేటప్పుడే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందో లేదో అడగండి.

వీధి కుక్కల్లో తిరిగే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు దీనికి వస్తే దాదాపు బతకదు. కళ్లకు పుసి, గడ్డం కింద ఎర్రటి పొక్కులు, పాదాలు గట్టిపడటం దాని గుర్తులు. అలాగని కుక్కకు వేసే టీకా ఏదో ఒకటి వేయించడం కూడా తప్పే. వాటిలో కొన్నింటివల్లే ఫెర్రెట్లకు ఆ జబ్బు వచ్చింది, ఏది వెయ్యాలో తెలిసిన డాక్టరే చెప్పాలి. మన ఫ్లూ కూడా దీనికి అంటుకుంటుంది. 1933లో లండన్‌లో శాస్త్రవేత్తలు మనిషి ఫ్లూ వైరస్‌ను పట్టుకున్నదే ఫెర్రెట్ల సాయంతో. ఇంట్లో ఎవరికైనా ఫ్లూ జ్వరం ఉంటే మాస్క్ పెట్టుకుని తిండి పెట్టండి, ముద్దులు వద్దు.

1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరు మనది. పుంగనూరు ఆవును చూడగానే దాని గుణగణాలు చెప్పగలిగే డాక్టర్లు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒకరి చేత నెలకోసారైనా ఫెర్రెట్, కుందేలు, గినీ పందుల లాంటి చిన్న జంతువుల గురించి రాయించండి, చదివినవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు కూడా వేయించండి. మొదటిది ఎండలు ముదరకముందే, మార్చి లోపల వచ్చేలా చూడండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి