ఇప్పోన్, నిహోన్, సంబోన్

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తిట్టుకోకురా. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు నయం. యొకొహామాలో చలి తగ్గింది. అంతే, అసలు సంగతికి వస్తా. నువ్వు విమానం ఎక్కేలోపు ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

జపనీస్‌లో మనుషుల్నీ వస్తువుల్నీ లెక్కపెట్టడం గురించి నిన్నెవరో భయపెట్టారన్నావు. భయమెందుకు! మనం 'రెండు మనుషులు' అంటామా? ఇద్దరు, ముగ్గురు అంటాం, పెరిగితే 'మంది' తగిలిస్తాం. వాళ్లూ అంతే: హితోరి, ఫుతారి, ఆపైన సన్నిన్, యోనిన్, గోనిన్. ఆ 'నిన్' మన 'మంది' అనుకో. నాలుగుకి 'షి' అనే మాట కూడా ఉంది కానీ ఇక్కడ వాడకు, 'షినిన్' అంటే చచ్చిపోయినవాడు. హోటల్ గుమ్మంలో 'నన్‌మేయ్‌సమ దెస్ క' అంటే ఎంతమందని అడుగుతున్నట్టు. 'ఫుతారి దెస్' అను చాలు. ఆ 'సమ' వాళ్లు మనకిచ్చే మర్యాద, మనకి మనం తగిలించుకోకూడదు.

వాళ్లు వస్తువులకీ ఇలాంటి తోకలు పెడతారు, అదీ తేడా. కాగితం, చొక్కా, స్టాంపు లాంటి పల్చటివాటికి 'మై': ఇచిమై, నిమై, సమ్మై. పాపం, దీనితో ఏ పేచీ లేదు. పెన్సిలు, గొడుగు, సీసా లాంటి పొడుగువాటికి 'హోన్'. చిక్కంతా దీంతోనే! ఇప్పోన్, నిహోన్, సంబోన్, యోన్‌హోన్, గోహోన్, రొప్పోన్, నానాహోన్, హప్పోన్, క్యూహోన్, జుప్పోన్. 1, 6, 8, 10 దగ్గర ప్ప, 3 దగ్గర బ, మిగతాచోట్ల హ.

ఎందుకో తెలుసా? ఇప్పుడు హ పలికేచోట వాళ్లకి ఒకప్పుడు ప ఉండేది. మన పాలు కన్నడంలో హాలు అయిందే, అచ్చం అలాగే! మాట మొదట్లో ప మెత్తబడి హ అయిపోయింది, ఒత్తు పడ్డచోట మాత్రం పాత ప బతికిపోయింది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే గ్లాసులు (ఇప్పాయ్, నిహాయ్, సంబాయ్), పిల్లులు (ఇప్పికి, నిహికి, సంబికి) వాటంతటవే వస్తాయి. కొట్లో ధరలు కూడా: 300 సంబ్యకు, 600 రొప్ప్యకు, 800 హప్ప్యకు.

నిహోన్ అంటే జపాన్ దేశం కూడా, చూశావా? రెండు సీసాలకి 'ని' ఎత్తి పలకాలి, దేశానికి 'హో'.

ఇంకో హాయి, వరస కూడా మనదే. 'ఎన్‌పిత్సు ఓ సంబోన్ కుదసాయ్' — పెన్సిళ్లు మూడు ఇవ్వండి. మాటకి మాట! తోక గుర్తురాకపోతే హితోత్సు, ఫుతాత్సు, మిత్సు, యొత్సు, ఇత్సుత్సు, ముత్సు, నానాత్సు, యత్సు, కొకోనొత్సు, తోఓ. పదిదాకా చాలా వస్తువులకి ఇవే చెల్లిపోతాయి. మిత్సు, యొత్సు, ముత్సు, యత్సులలో 'త్సు' ముందు క్షణం ఆగి ఒత్తాలి. మనుషులకి మాత్రం వాడకురా, తప్పు.

తేదీలు వేరే రాయాలి. ఒకటో తారీకు త్సుయితాచి, ఇరవయ్యోది హత్సుక, వాటికి ఈ సూత్రమేదీ... అయ్యో, పోస్టాఫీసు అయిదింటికి మూసేస్తారు, పరిగెత్తాలి. ఉంటా

నీ
గోపి