డబ్బాలోని పొడికే కాదు, డబ్బా మీది మాటకూ పరీక్ష ఉండాలి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. ఆహార భద్రత విభాగం మీ శాఖ కిందనే ఉన్నది కాబట్టి ఈ విన్నపం మీకు చేసుకుంటున్నాను. కల్తీ నూనె, కల్తీ పాలు, కల్తీ కారం పట్టుకోవడానికి అధికారులు దుకాణాల్లో నమూనాలు తీసి, నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలకు పంపి, తేడా తేలితే కేసులు పెడుతున్నారు. ఆ పని ఎంతో అవసరం. కానీ డబ్బా లోపలి పొడిని పరీక్షించే ఏర్పాటు మా కళ్లకు కనిపిస్తున్నట్టుగా, డబ్బా మీద అచ్చయిన మాటను పరీక్షించే ఏర్పాటు జిల్లాలో ఎక్కడా కనిపించడం లేదు. పొడిలో ఏ కల్తీ లేకపోయినా దాని గురించి చెప్పే మాటలో కల్తీ ఉండవచ్చు, ఆ మాటను నమ్మే పేదవాడు డబ్బు పెడుతున్నాడు.

మా ఊరి కిరాణా దుకాణాల్లో పిల్లల కోసం అమ్మే మాల్టు పొడి డబ్బాను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ముందు వైపు ఎత్తు, బలం, చదువులో చురుకుదనం అంటూ పెద్ద అక్షరాలు, పక్కనే నవ్వుతున్న పిల్లవాడి బొమ్మ ఉంటాయి. వెనక వైపు పోషకాల పట్టిక ఉంటుంది గాని, చాలా డబ్బాల మీద అది ఆవగింజంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఆ పట్టికలో ఒక వరుస కింద ‘పాలతో కలిపి’ అని ఉండటం నేను చాలాసార్లు గమనించాను. ఒక గ్లాసు పాలలోనే ఆరేడు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఆ లెక్కను కూడా కలుపుకుని చూపిస్తే పొడి ఎంతో ఘనమైనదిగా కనిపిస్తుంది. పాలతో కలిపి తాగిన పిల్లవాడు బలపడితే ఆ బలం పాలదా, పొడిదా అన్న ప్రశ్నకు జవాబు దొరకాలంటే, అంతే పాలు పొడి లేకుండా తాగిన పిల్లలతో పోల్చి చూడాలి. ఆ పోలిక లేని రుజువును రుజువు అనలేము. పత్తి ఏరి వచ్చిన తల్లి తన కూలి డబ్బుతో ఆ డబ్బా కొంటుంది. అదే డబ్బుతో ఇంట్లోకి ఎన్ని కోడిగుడ్లు, ఎన్ని పెసర్లు వస్తాయో ఆమెకు చెప్పేవారు లేరు. గుడ్డుకు సుమారు ఆరు గ్రాములు, ముప్పై గ్రాముల పల్లీలకు ఏడు గ్రాములకు పైగా ప్రొటీన్ లభిస్తుంది. ఆ పల్లీలు పండేది మన వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల నేలల్లోనే.

ఈ బాధ చిన్నది కాదని అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. మన రాష్ట్రంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు, ఆరు నెలల నుంచి అయిదేళ్ల వయసు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నది. పిల్లవాడు ఎదగడం లేదన్న తల్లి భయం నిజమైనది. ఆ భయాన్నే పెట్టుబడిగా చేసుకుని తీపి పొడి అమ్మడమే నన్ను ఎక్కువగా కలచివేస్తున్నది.

చట్టం లేదని ఎవరూ అనలేరు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 24వ సెక్షన్ తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధిస్తున్నది, 53వ సెక్షన్ పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునంటున్నది. ఆహార పదార్థాల గురించి చెప్పే గొప్పలకు శాస్త్రీయమైన ఆధారం ఉండి తీరాలని 2018 నాటి ప్రకటనల నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. మధుమేహాన్ని నయం చేస్తామని మందులను ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అసలు ‘హెల్త్ డ్రింక్’ అన్న మాటకు ఆహార చట్టంలో నిర్వచనమే లేదని గుర్తించి, 2024 ఏప్రిల్‌లో ఆ పేరుతో పానీయాలను అమ్మవద్దని కేంద్రం ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది. ఆ సూచన ఆన్‌లైన్ అంగళ్లకు చేరి ఉండవచ్చు, మా అంగడికి మాత్రం చేరలేదు.

శాస్త్రం ఎలా మాట్లాడుతుందో మా జిల్లాకు వేరే ఎవరూ నేర్పనక్కరలేదు. ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన నడుములను, బిగుసుకుపోయిన కీళ్లను చూస్తూ పెరిగిన తరాలు మావి. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి పల్లెల్లో తిరిగి, మోకాళ్లు లోపలికి వంగిపోయిన యువకులను పరీక్షించారు. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో పాటు తినే తిండి సంగతి కూడా చూడాలని అనుకుని, జొన్న ప్రధానంగా తినేవారినీ, వరి ప్రధానంగా తినేవారినీ పోల్చి చూశారు. జొన్న తిండి మీద ఉన్నవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతున్నదని తేలింది. అంతమాత్రాన జొన్న చెడ్డదని వారు అనలేదు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న చోట, కాల్షియం తక్కువైన పేదల ఒంటిలో, ఏ తిండి ఎలా పనిచేస్తుందో మాత్రమే చెప్పారు. నీళ్లను శుద్ధి చేయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించింది, దానికి మా జిల్లా పేరే పెట్టి ‘నల్లగొండ పద్ధతి’ అన్నారు.

చింతపండు విషయం కూడా మీ దృష్టికి తేవాలి. హాస్టల్ విద్యార్థులకు రోజుకు పది గ్రాముల చొప్పున చింతపండు ఇచ్చి పరీక్షించిన పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతున్నదని 2002లో ప్రచురించారు. వారు చెప్పింది అంతవరకే. పరీక్షించింది కొద్దిమందిని, అదీ కొద్ది రోజులే. ఇదే సంగతి వ్యాపారి చేతిలో పడితే ‘ఫ్లోరోసిస్‌కు విరుగుడు’ అనే సీసా అవుతుంది. ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుపోయిన ఫ్లోరైడ్ వల్ల వంగిన నడుమును ఏ పొడీ నిలబెట్టదని మా ఊళ్లలో ప్రతి ఇంటికీ తెలుసు, అయినా ఆశ కొద్దీ కొంటారు.

సిరిధాన్యాల విషయంలోనూ ఇదే జరుగుతున్నది. పాలమూరు, నల్లగొండ ఇళ్లలో జొన్న రొట్టె, గటక, అంబలి తాతల నాటి తిండి, అవి మళ్లీ విస్తట్లోకి రావడం నాకు చాలా సంతోషం. మెట్ట పంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్, జాతీయ పోషకాహార సంస్థల శాస్త్రవేత్తలు అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించి, పాలిష్ పట్టిన బియ్యంతో పోలిస్తే చిరుధాన్యాలు రక్తంలో చక్కెరను తక్కువగా పెంచుతాయని 2021లో చెప్పారు. ఇది మంచి రుజువు. కానీ ‘తక్కువగా పెంచుతుంది’ అన్న మాటకూ, ‘షుగరు వ్యాధి పోతుంది, మాత్రలు మానేయండి’ అన్న మాటకూ మధ్య ఒక మనిషి కాలు, కన్ను, మూత్రపిండం ఉన్నాయి. పైగా మైదా, చక్కెర, నూనె కలిపిన బిస్కట్టు మీద నాలుగు గింజల బొమ్మ వేసినంత మాత్రాన అది జొన్న రొట్టె కాజాలదు.

డబ్బా మీది తప్పుడు మాటను సరిచేయించడం సాధ్యమేనని హైదరాబాద్‌లోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు నిరూపించారు. విరేచనాలైన పిల్లలకు ఇచ్చే ఓఆర్ఎస్ ద్రావణంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం, లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉండాలి. ఆ పేరే తగిలించుకుని అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు మందుల దుకాణాల్లో అమ్ముడయ్యాయి. అంత చక్కెర పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను మరింత పెంచుతుంది. ఆమె దాదాపు ఎనిమిదేళ్లు పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో ఆహార పదార్థాల పేర్లలో ఆ మూడక్షరాలను వాడరాదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. ఒక్క మాటను సరిచేయడానికి ఒక వైద్యురాలు అన్నేళ్లు ఒంటరిగా తిరగవలసిన పరిస్థితి ఉండకూడదు.

ఆదేశాలు కూడా గట్టి పునాది మీద రావాలని కోరుతున్నాను. 2024 ఆగస్టు 21న పాలలోని ఒక ప్రొటీన్ రకాన్ని బట్టి ‘ఏ1’, ‘ఏ2’ పాలు అని చేసే ప్రచారాన్ని తొలగించమన్న అదే కేంద్ర ఆహార భద్రత సంస్థ, అయిదు రోజులకే ఆ సూచనను వెనక్కి తీసుకున్నది. ఏ రుజువును చూసి తొలగించమన్నారో, ఏది చూసి వెనక్కి తీసుకున్నారో వివరంగా ప్రజల ముందు పెట్టి ఉంటే, కొనేవారికి ఈ గందరగోళం ఉండేది కాదు.

అందువల్ల నా విన్నపం ఇది. ప్రతి జిల్లాలో ఆహార భద్రత అధికారులు పదార్థాల నమూనాలతో పాటు ప్రకటనల నమూనాలు కూడా తీయాలి. డబ్బా మీది రాతలు, గోడ పోస్టర్లు, లోకల్ కేబుల్ ప్రకటనలు, ఫోన్లలో తిరిగే వీడియోలు అన్నీ అందులోకి రావాలి. గొప్ప చెప్పుకున్న సంస్థనే రుజువు చూపమని అడగాలి. ఎంతమంది మీద పరీక్షించారు, దేనితో పోల్చారు, ఖర్చు ఎవరు భరించారు అన్న మూడు ప్రశ్నలకు వచ్చిన జవాబును తెలుగులో బహిరంగపరచాలి. రుజువును తూచే పెద్దలు మనకు దూరాన లేరు, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనే ఉన్నారు. 2024లో పదిహేడు ఆహార మార్గదర్శకాలు ఇచ్చి, కండల కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దని నిర్మొహమాటంగా చెప్పింది ఆ సంస్థే. ఆ మార్గదర్శకాలు ప్రతి అంగన్‌వాడీ గోడ మీదికి, అక్కడ పిల్లలకిచ్చే పోషకాహారం బాలామృతం తీసుకోవడానికి వచ్చే తల్లికి అర్థమయ్యే మాటల్లో, పెద్ద అక్షరాల్లో రావాలి. పానీయాల, పొడుల సంస్థలు బడుల్లో, సంక్షేమ హాస్టళ్లలో ‘ఆరోగ్య శిబిరం’ పేరుతో ఉచిత ప్యాకెట్లు పంచడానికి అనుమతి ఇవ్వకూడదు.

ఎండాకాలంలో మా ప్రాంతంలో పిల్లలకు విరేచనాలు ఎక్కువవుతాయి. కనీసం ఆ లోపు, దేవరకొండ, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మందుల దుకాణాల్లో పాత పేరుతో ఉన్న తీపి పానీయాల నిల్వలను తనిఖీ చేయించి, ప్రతి దుకాణం ముందు అసలైన ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను గుర్తుపట్టే విధానాన్ని తెలుగులో అంటించమని ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా