ఒకే ఫోల్డర్‌లో ఊరందరి ఆధార్‌లు

నెట్ సెంటర్లలో స్కాన్‌కు ఇచ్చే ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం కాపీలు క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే చోట, ఎవరికి పడితే వారికి కనిపిస్తున్నాయి. మొన్న నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా అమ్మ పింఛన్ కాగితాలు స్కాన్ చేయిస్తే, షాపతను వాట్సాప్‌లో లింకు పంపాడు. ఇంటికొచ్చి తెరిచాను. ముక్కూమొహం తెలియని వాళ్ల బ్యాంకు పాసుబుక్కులు, ఫొటోలు, వేలిముద్ర వేసిన దరఖాస్తులు వరుసగా ఉన్నాయి. షాపు మొత్తానికీ ఒకటే ఫోల్డరట! నిజానికి క్లౌడ్‌లో ఒకే సర్వర్‌ను (ఫైళ్లు దాచే పెద్ద కంప్యూటర్‌ను) పదిమంది వాడుకున్నా ఒకరిది ఒకరికి కనబడకుండా అడ్డుగోడలు ఉంటాయి. 'లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని నొక్కి ఆ గోడకు కన్నం పెడుతున్నది మనమే. 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది, కానీ ఆ మాట మా షాపతను విననే లేదు. పని అయిన రోజే ఫైళ్లు తీసేయాలని జిల్లా అధికారులు ప్రతి సెంటర్‌లో బోర్డు పెట్టించి, అప్పుడప్పుడు ఆ కంప్యూటర్లు తెరిచి చూడాలి.

- ఒక పాఠకుడు, నల్లగొండ